గోరు చుక్క, ఉంగరం గీత

మార్చి రెండో శనివారం మధ్యాహ్నం, ఫ్రిస్కో. హాజరైనవారు: మా అమ్మాయి సుజాత, అల్లుడు రవి, మనవరాలు మేఘ, పోటీ నడిపించే ప్రసాద్, మాటలు చదివి వినిపించే ఒక రిటైర్డ్ అమెరికన్ టీచరు, నా పక్క కుర్చీలో స్వాతి అనే ఆవిడ, పోటీలో చివరికి మిగిలిన ముగ్గురిలో ఒకడైన వాళ్ళబ్బాయి, ఇంకా చాలామంది పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు. నేను, బయటికి వెళ్ళేవరకు.

ఎక్కడికి వెళ్ళినా ఇంటికొచ్చి డైరీలో ముందు తేదీ, తర్వాత ఎవరెవరు ఉన్నారో రాయడం నా పద్ధతి. ఒహాయోలో వంతెనలు తనిఖీ చేసే ఇంజినీరుగా పనిచేసినన్నాళ్ళూ అదే నియమం. రిటైరై, భార్య పోయాక టెక్సస్‌లో కూతురింటికి చేరినా అది మారలేదు. ఆ శనివారం మాత్రం ఈ పేర్ల వరకు రాసి కలం మూసేశాను. జరిగింది రాయడానికి చేతులు రాలేదు. సిగ్గు కాస్త పాతబడ్డాక రాద్దామనుకున్నాను. అది పాతబడేలా లేదు.

ఈ పోటీల సంగతి తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. ఇక్కడి మన పిల్లలు ఇంగ్లీషువాళ్ళు కూడా జన్మలో వాడని మాటలను నేర్చుకుని, మైకు ముందు నిలబడి వాటి స్పెల్లింగు అక్షరం అక్షరం చెబుతారు. చదివే మనిషి మాటను పలుకుతారు. పిల్ల దాని అర్థం అడగవచ్చు, ఏ భాష నుంచి వచ్చిందో అడగవచ్చు, మళ్ళీ పలకమనవచ్చు. ఆ తర్వాత నోరు విప్పాలి. ఒక్క అక్షరం తప్పితే గంట మోగుతుంది, పిల్ల దిగిపోతుంది. ఆ రోజు నెగ్గిన ఇద్దరు హ్యూస్టన్‌లో జరిగే పెద్ద పోటీకి వెళతారు. మిగిలింది ముగ్గురు. మేఘకు పన్నెండేళ్ళు. పొద్దున స్కూల్‌కి ముందు, సాయంత్రం స్విమ్మింగ్ తర్వాత, కార్లో వెనక సీట్లో, ఆ ఇద్దరిలో ఒకతె కావాలనే రెండేళ్ళుగా చదువుతోంది.

మేఘ వంతు వచ్చినప్పుడు టీచరు "థైసిస్" అన్నారు. మేఘ అర్థం అడిగింది. క్షయ రోగం. ఏ భాష అని అడిగింది. గ్రీకు. మళ్ళీ పలకమంది. ఆవిడ మళ్ళీ "థైసిస్" అన్నారు. నాకు మాత్రం ఇత్తడి గ్లాసు మీద సన్నటి వాన వినబడింది. పి, హెచ్, టి, హెచ్, ఐ, ఎస్, ఐ, ఎస్. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు, నా కుడిచెయ్యి ఇనుప మడతకుర్చీ అంచు మీద ఆ మాట మొత్తం కొట్టేసింది, చుక్కకు గోరు, గీతకు ఉంగరం. మేఘ తల వంచుకుని ఒక క్షణం ఆగింది. తర్వాత అక్షరాలన్నీ సరిగ్గా చెప్పింది. హాలంతా చప్పట్లు కొట్టారు. స్వాతి కొట్టలేదు. ఆవిడ నా చేతివంక చూస్తోంది. తర్వాత లేచి, ప్రసాద్ దగ్గరికి వెళ్ళి, మెల్లగా ఏదో చెప్పింది.

ఆ ఉంగరం మా నాన్నగారిది. రాగి ఉంగరం, విలువేమీ లేదు. ఒంట్లో వేడి లాగేస్తుందని మా నాయనమ్మ ఆయనకు తొడిగిందట. ఎప్పుడైనా తీస్తే వేలిచుట్టూ పచ్చటి చార కనిపించేది, ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. నాన్నగారు గుంటూరు జిల్లాలో ఒక చిన్న రైల్వే జంక్షన్‌లో తంతి గుమస్తా. తీగమీద వచ్చే చుక్కలనూ గీతలనూ విని, వాటిని ఇంగ్లీషు అక్షరాలుగా కాగితం మీద పెట్టడం ఆయన పని. చుక్క అంటే పొట్టి దెబ్బ, గీత అంటే పొడుగు దెబ్బ. ఒక్క చుక్క కొడితే 'ఈ' అక్షరం, మా ఇంట్లో ఏ పిల్లయినా అందరికంటే ముందు నేర్చుకునేది అదే. ఒక్క గీత కొడితే 'టి'. మిగతా అక్షరాలన్నీ ఈ రెండింటి అల్లిక.

అందువల్ల నాన్నగారి చెవికి ఇంగ్లీషు అక్షరాలుగానే వచ్చింది, పలుకుగా ఎప్పుడూ రాలేదు. మద్రాసులో ఎవరో కొట్టేవారు, ఈయన వినేవారు, రాసేవారు. మధ్యలో ఎవరూ నోరు తెరిచి ఆ మాట అనేవారు కాదు. ఎంత అరుదైన మాటకైనా ఆయన స్పెల్లింగు తప్పేవారు కాదు, స్టేషన్ మాస్టరు కూడా సందేహం వస్తే మనిషిని పంపి అడిగించేవాడు. ఊళ్ళో ఆయనకు ఇంగ్లీషులో మంచి పేరు. ఆ పేరంతా కాగితం మీదే వచ్చిందని అప్పట్లో ఎవరికీ తోచలేదు, ఆయనకు అసలే తోచలేదు.

మాది రెండు గదుల రైల్వే క్వార్టరు. ఇంట్లో ఎప్పుడూ బొగ్గు వాసన, సగం మా కుంపటిది, సగం ఇంజిన్లది. అమ్మ వడియాలు కూడా రైళ్ళ టైం చూసుకునే ఆరబెట్టేది. గూడ్సు వచ్చే వేళకు చాప చుట్టి లోపల పెట్టకపోతే వాటిమీద మసి కురిసేది. నాన్నగారు డ్యూటీ దిగి వచ్చి, పెరట్లో కాళ్ళు కడుక్కుని, చొక్కా మేకుకు తగిలించి, చెవిమీద పెన్సిల్ అక్కడే ఉందని మరిచిపోయి కంచం ముందు కూర్చునేవారు. ఆయన చేతులకు తంతి ఆఫీసు బ్యాటరీ జాడీల వాసన ఉండేది, పులిసినట్టు, కాస్త ఘాటుగా. తంతిలో వచ్చిన సంగతి భార్యకైనా చెప్పకూడదన్నది ఆయన నియమం. ఊళ్ళో ఎవరు పోయారో, ఎవరికి బదిలీ అయిందో మాకు పక్కింటివాళ్ళు చెబితేనే తెలిసేది. కానీ సంగతి చెప్పకూడదు గాని మాట చెప్పవచ్చునని ఆయనే ఒక సడలింపు ఇచ్చుకున్నారు. ఆ రోజు తీగమీద వచ్చినవాటిలో కొత్తగా తోచిన ఒక్క మాటను ఇంటికి తెచ్చేవారు, మిగతా తండ్రులు పొట్లంలో పకోడీ తెచ్చినట్టు.

కూరన్నం అయ్యాక ఇత్తడి గ్లాసు దగ్గరికి జరుపుకుని, దానిమీద ఆ మాట కొట్టేవారు. చుక్కకు గోరు, గీతకు ఉంగరం. ఆఫీసు యంత్రంలో లేని ఈ పద్ధతి ఆయన మా కోసం కనిపెట్టారు. అక్క, నేను అక్షరాలు పట్టుకుని గట్టిగా చెప్పాలి. అక్క నాకంటే చురుకు, మూడో అక్షరానికే మిగతాది ఊహించేసేది. తర్వాత నేను లేచి డిక్షనరీ తేవాలి. ఒక దొర సీమకు వెళ్ళిపోతూ సామాను వేలం వేస్తే నాన్నగారు కొన్న పుస్తకం అది. ముందు పేజీలు చెదలు తినేశాయి, మా ఇంట్లో ఇంగ్లీషు 'ఏ' అక్షరం సగంనుంచి మొదలయ్యేది. ప్రతి మాట పక్కనా ఎలా పలకాలో చెప్పే గుర్తులు చిన్న చిన్న అక్షరాల్లో ఉండేవి, తలమీద గీతలతో, చుక్కలతో. అవి ఏమిటో మాకు తెలియదు. ప్రెస్సువాళ్ళు పెట్టుకున్న గుర్తులని నాన్నగారు వాటిని దాటవేసి అర్థం దగ్గరికి వెళ్ళేవారు. అర్థం చదివి, మాటను మూడుసార్లు పలికేవారు, మేమూ మూడుసార్లు పలికేవాళ్ళం. అప్పుడు మజ్జిగ. "మీ మాటకు అర్థం దొరికేలోపు నా మజ్జిగ పులిసిపోతోంది" అని అమ్మ రోజూ అనేది. అంటూనే ఆ మాట ఏమిటో చెవిపెట్టి వినేది కూడా.

నాన్నగారు ఉన్న అక్షరాలన్నీ పలికేవారు. విక్చువల్స్ అంటే తిండి సామగ్రి. విస్కౌంట్ అంటే ఒక రకం ప్రభువు. ఇండిక్ట్ అంటే నేరం మోపడం. ఒక్క అక్షరాన్నయినా వదిలేయడం ఆయనకు చేతకాదు. తీగమీద అక్షరం మింగితే రైళ్ళు గుద్దుకుంటాయి అనేవారు. ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన మాట ఫ్తిసిస్. రైల్వేవాళ్ళకు క్షయ వచ్చి శానటోరియానికి పంపేటప్పుడు సెలవు తంతిలో ఆ మాట వచ్చేది. అర్థం అంత చెడ్డది. కొడితే మాత్రం మొదట రెండుసార్లు, మధ్యలో ఒక్కసారి తప్ప ఉంగరంతో పనిలేదు, మిగతా అంతా గోరే. కళ్ళు మూసుకుని వింటే రేకుమీద చినుకులు పడుతున్నట్టు ఉండేది. మేము మారాం చేసి దాన్ని మళ్ళీ మళ్ళీ కొట్టించుకునేవాళ్ళం.

మా రైల్వే స్కూల్లో ఏటా ఇంగ్లీషు డిక్టేషన్ పోటీ ఉండేది. ఆంగ్లో ఇండియన్ టీచరు మిసెస్ పింటో చదివేవారు, మేము రాసేవాళ్ళం. ఒక ఏడాది ఆవిడకు కామెర్లు వచ్చాయి. హెడ్మాస్టరు స్వయంగా మా ఇంటికి వచ్చి, అరుగుమీద కూర్చుని, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, ఈసారి మాటలు మీరే ఎంచి మీరే చదవాలండీ అని నాన్నగారిని అడిగారు. ఆయన వెళ్ళాక నాన్నగారు చాలాసేపు డిక్షనరీ ముందు కూర్చున్నారు. అమ్మ ఆయన నల్లకోటుకు నిప్పుల ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేసింది. పోటీ రోజు ఆయన కోటు గుండీలన్నీ పెట్టుకుని, పిల్లల ముందు నిలబడి, ఒక్కొక్క మాటనూ మూడుసార్లు, మా భోజనాల దగ్గర పలికినట్టే పలికారు. ముందు బెంచీల్లో ఆఫీసర్ల పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒకమ్మాయి చేతిలో మొహం దాచుకుని నవ్వింది. వినబడలేదేమోనని నాన్నగారు గొంతు పెంచారు. నవ్వూ పెరిగింది. ఎందుకు నవ్వుతున్నారో నాకూ తెలియదు. ఆయన చదువుతున్న మాటలన్నీ నాకు తెలుసు, తప్పులేకుండా రాస్తున్నాను. అయినా ఆ నిలబడ్డ మనిషి మా నాన్న కాకుండా ఉంటే బాగుండుననిపించింది.

నాకే మొదటి బహుమతి వచ్చింది, ఒక ఫౌంటెన్ పెన్ను. రెండో స్థానంలో ఉన్నవాడు ఎక్కడో కింద ఉన్నాడు. బహుమతి ఇచ్చేటప్పుడు పట్టాల ఇన్‌స్పెక్టరుగారు, చెడ్డమనిషేమీ కాదు, నవ్వుతూ హెడ్మాస్టరుతో అన్నారు: "తండ్రి పలికింది కొడుక్కి తప్ప ఇంకెవరికీ అర్థం కాలేదు. మంచి ఏర్పాటే." నాన్నగారు విన్నారు. ఇంటికి వచ్చి కోటు విప్పుతూ, నేను పలికినవి మిగతా పిల్లలకు తెలియలేదా అని నన్ను అడిగారు. నేను నేల చూశాను. ఆయన విప్పిన కోటు మళ్ళీ తొడుక్కుని హెడ్మాస్టరు ఇంటికి బయల్దేరారు. హెడ్మాస్టరు వద్దన్నా వినకుండా, పెన్ను ఆయన బల్లమీద పెట్టి, మిసెస్ పింటో కోలుకున్నాక అవే మాటలు ఆవిడ చేత చదివించి మళ్ళీ పోటీ పెట్టమని చెప్పి వచ్చారు. ఎవరూ ఆయన్ని అలా చేయమనలేదు. ఇన్‌స్పెక్టరుగారు కూడా ఆ మాట అని మరిచిపోయి ఉంటారు.

రెండో పోటీ రోజు నాన్నగారు రాత్రి డ్యూటీ దిగి, నిద్రపోకుండా వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. కామెర్లు తగ్గి ఇంకా పాలిపోయి ఉన్న మిసెస్ పింటో చదవడం మొదలుపెట్టారు. విటల్స్. వైకౌంట్. ఇన్‌డైట్. థైసిస్. అవి నేను పుట్టి ఎన్నడూ వినని మాటలు. మా ఇంటి మాటలే వేరే మనుషుల్లా తయారై వచ్చి నన్ను గుర్తుపట్టమంటుంటే, నేను బిత్తరపోయి చెవికి తోచినట్టు రాశాను. చివరివాడిగా వచ్చాను. ఆవిడ ఆ మాటలను బోర్డుమీద రాసినప్పుడు గాని తెలియలేదు, నాకు వాటిలో ఒక్కటీ తెలియనిది లేదని. నాన్నగారు బోర్డు దగ్గరికి నడిచి వచ్చి, ఒక్కొక్క మాటనూ చూసి, ఆవిడ పలికినట్టు పెదవులు కదిపి చూసుకున్నారు. సర్వీసంతా తన చేతులమీదుగా వెళ్ళిన మాటల పలుకు ఆయనకు అక్కడ, పిల్లల ముందు తెలిసింది. మిసెస్ పింటో నా తలమీద చెయ్యి వేసి, మీ వాడికి మాటలన్నీ తెలుసు, వాటిని వినడమే తెలియదు అని తన రైల్వే తెలుగులో అన్నారు. నాన్నగారు ఆవిడకు థాంక్యూ మేడమ్ అని చెప్పారు. దారిలో నేను ఆయనకంటే చాలా ముందు నడిచాను.

మర్నాడు భోజనం దగ్గర ఆయన మామూలుగా గ్లాసు జరుపుకుని మాట కొట్టారు. మేము అక్షరాలు చెప్పాం. నేను డిక్షనరీ తెచ్చాను. ఆయన అర్థం చదివారు. పలుకుతారని అక్క, నేను నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాం. ఆయన మజ్జిగ పోయమన్నారు. ఆ తర్వాత నాన్నగారు ఇంట్లో ఒక్క ఇంగ్లీషు మాట కూడా పైకి పలకలేదు. ఎలా పలకాలని అక్క అడిగితే, మీ టీచరుగారిని అడగండి అనేవారు. గ్లాసుమీద కొట్టడం మాత్రం మానలేదు, రిటైరయ్యాక కూడా, కళ్ళు కనబడనప్పుడు కూడా.

నాకు మిగిలింది కూడా అదే. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒహాయో ఆఫీసులో, ఎవరో ఒకరి నోట వినేవరకు ఏ మాటా నేను వాడేవాణ్ణి కాదు. వినగానే డైరీలో తెలుగు అక్షరాలతో రాసుకునేవాణ్ణి. వినబడింది వినబడినట్టు పట్టుకోవడానికి మన అక్షరాలను మించినవి లేవు. నోరు అలా అదుపులో ఉండేది. వేళ్ళు ఉండేవి కావు. మీటింగుల్లో, విందుల్లో, గుళ్ళో, విన్న ప్రతి కొత్త మాటనూ బల్లమీదో మోకాలిమీదో కొట్టేసేవాణ్ణి. నా భార్య నావైపు చూడకుండానే, పక్కవాళ్ళతో కబుర్లు ఆపకుండానే, తన అరచెయ్యి నా వేళ్ళమీద పెట్టేది. ఆవిడ పోయాక నా పక్కన ఆ పని చేసేవాళ్ళు లేరు.

సుజాతకు చిన్నప్పుడు నేర్పాను. ఏడేళ్ళదాకా ఇష్టంగానే కొట్టింది. తర్వాత ఒకసారి స్కూల్లో పేరెంట్స్ అందరి మధ్య నేను కుర్చీమీద కొడుతుంటే వచ్చి, "స్టాప్ ఇట్ నాన్నా, ఇట్స్ వియర్డ్" అని చెవిలో చెప్పి వెళ్ళింది. మళ్ళీ ఎప్పుడూ గ్లాసు ముట్టుకోలేదు. ఇప్పుడడిగితే అంతా మరిచిపోయానంటుంది. మేఘ అలా కాదు. ఒక వేసవి సెలవుల్లో అక్షరాలన్నీ పట్టేసింది. అలవాటుగా కొట్టేటప్పుడు నా గోరు ఎక్కడ తడబడుతుందో కూడా అది చెబుతుంది.

ఇక హాలు. ప్రసాద్ నా దగ్గరికి వచ్చి వంగి, చాలా మర్యాదగా అన్నాడు.

"అంకుల్, ఏమనుకోవద్దు. మీరు చేత్తో సిగ్నల్ ఇస్తున్నారని ఒక కన్సర్న్ వచ్చింది. జస్ట్ అడుగుతున్నాను."

హాలంతా నా చేతివంక తిరిగింది. నేను నోరు తెరిచేలోపే, రెండు కుర్చీల అవతలనుంచి మా అల్లుడు లేచాడు. రవి మంచి మనిషి, నా పరువు కాపాడాలనే అతని ఆరాటం.

"అదేం లేదు ప్రసాద్. ఆయనకు చేతులు షేక్ అవుతాయి. ఏజ్ కదా."

ప్రసాద్ మొహం తేటపడింది. అయ్యో, సారీ అంకుల్ అంటున్నాడు. నా చేతులు వణకవు. ఈ వయసులో కూడా సూదిలో దారం నేనే ఎక్కిస్తాను. ఆ మాట అనడానికి నాకు బోలెడంత వ్యవధి ఉంది. అంతమంది చూస్తున్నారు, వేదికమీద మైకు ముందు మేఘ ఇంకా నిలబడి ఉంది, హ్యూస్టన్ ఒక్క మెట్టు దూరంలో ఉంది. నేను చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, కొంచెం వణికించాను.

వేరొకరు చేశారని ఈ వాక్యం రాయగలిగితే బాగుండేది.

"వణుకు కాదండీ" అంది స్వాతి. గొంతు పెంచలేదు. "మా నాన్న పోస్టాఫీసులో టెలిగ్రాఫ్ మాస్టరు. నాకు తెలుసు."

అంతలో మైకులోంచి మేఘ గొంతు వచ్చింది.

"షేకింగ్ కాదు అంకుల్. అది మోర్స్ కోడ్. తాతయ్య ఆల్వేస్ చేస్తారు, ఆయనకి కూడా తెలీదు. ఐ హర్డ్ ఇట్. బట్ ఆ వర్డ్ నాకు ముందే తెలుసు. ఇంకో వర్డ్ ఇవ్వండి. ప్లీజ్."

దానికి మా నాన్నగారి కోటు సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. విప్పిన కోటు మళ్ళీ తొడుక్కుని హెడ్మాస్టరు ఇంటికి నడిచిన మనిషి గురించి ఎవరూ దానికి చెప్పలేదు. చెప్పవలసిన నేను ఒళ్ళో చెయ్యి వణికిస్తూ కూర్చున్నాను. తాతయ్య బయట ఉంటే అందరికీ బాగుంటుందేమో అని ప్రసాద్ నేలవంక చూస్తూ అన్నాడు. లేచి వెళ్ళాను.

పార్కింగ్ లాట్‌లో గాలి విసురుగా ఉంది. మా కారు తాళం నా దగ్గర లేదు. దానికి ఆనుకుని నిలబడ్డాను. లోపల చప్పట్లు వినబడ్డాయి, అవి ఎవరికో తెలియలేదు. కాసేపటికి స్వాతి ఒక్కతే బయటికి వచ్చి నా దగ్గరికి నడిచింది. వాళ్ళబ్బాయి నెగ్గాడని ఆవిడ చెప్పలేదు, నన్ను సూటిగా చూడకపోవడంతో తెలిసింది, మొహంలో సంతోషం మాత్రం లేదు.

"ట్యాపింగ్ సంగతి ప్రసాద్‌గారికి చెప్పి ఊరుకునేదాన్నేమో అంకుల్. షేకింగ్ అన్నారు చూడండి, అది వినలేకపోయాను. మా నాన్న లాస్ట్ డేస్‌లో హాస్పిటల్ బెడ్ అంచు మీద కొడుతూనే ఉన్నారు. నర్సులు వణుకుడనుకుని దానికి మందు ఇచ్చారు. ఆయన ఏదో చెబుతున్నారని నేను వెళ్ళి చెప్పేసరికి చెయ్యి కదలడం ఆగిపోయింది."

ఏం చెబుతున్నారమ్మా అని అడిగాను. తెలియదంది. మీరు అన్నది నిజమే, నా చెయ్యి వణకదు అని ఆవిడకు చెప్పాను. చెప్పవలసిన చోట కాకుండా, ఎవరూ లేని చోట చెప్పాను.

మేఘకు కొత్తగా ఇచ్చిన మాట డిమేన్. జమీందారు తన సొంతానికి ఉంచుకునే భూమి అని అర్థం. వినబడిన తీరునే నమ్మి అది ఎమ్ తర్వాత ఏ, ఐ పెట్టింది. గంట మోగింది. కారు హైవే ఎక్కాక సుజాత నాకు ఇది చెప్పింది. మా చెదల పుస్తకంలో ఆ మాట ఉంది. నాన్నగారు దాన్ని డెమెస్నే అని పలికేవారు, మధ్యలో 'ఎస్', చివర 'ఈ' ఊళ్ళోవాళ్ళందరికీ వినబడేలా. ఆయన నోట ఒక్కసారి విన్న పిల్లలెవరూ ఆ మాట తప్పు రాయలేరు. ఇది పైకి అనలేదు. అనే అర్హత ఆ పూట నాకు లేదు.

మేఘ కిటికీలోంచి బయటికి చూస్తోంది. రవి నడుపుతున్నాడు. సుజాత ముందుసీట్లోంచి వెనక్కి తిరగకుండానే అడిగింది.

"నాన్నా, ట్యాపింగ్ ఐ గెట్ ఇట్. అది మీకు తెలీకుండానే వస్తుంది. షేకింగ్ ఎందుకు చేశారు?"

నాన్నగారి గురించి నేను జీవితమంతా ఒకటే అనుకున్నాను, ఆ రోజు బోర్డు ముందు ఆయన చిన్నబోయారని, అందుకే మాట్లాడడం మానేశారని. ఆ చిన్నబోయిన మనిషికి కొడుకుగా నేను సిగ్గుపడ్డాను, దేశాలు దాటినా నోరు జాగ్రత్తగా పెట్టుకున్నాను. ఆయన ఆ రోజు కంటిచూపునో గొంతునో వంక పెట్టలేదన్నది ఇన్నేళ్ళలో నా బుర్రకు ఎక్కలేదు. వెలుతురు చాలలేదనలేదు, పిల్లలు అల్లరి చేశారనలేదు. ఏది నిజమో తేలేదాకా రాత్రంతా మేలుకుని వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. నాకు ఉంగరం ఇచ్చారు. అది పెట్టుకోవడం ఒకటే నాకు వచ్చింది.

మర్నాడు ఆదివారం. ఉంగరం తీసి సొరుగులో పెట్టి కిందికి దిగాను. వేలిచుట్టూ పచ్చటి చార అలాగే ఉంది. సుజాత పొయ్యి దగ్గర మాకు వీపు పెట్టి పెసరట్లు వేస్తోంది. మేఘ కంచం ముందు కూర్చుని ఉంది. నేను ఎదురుగా కూర్చుని, చేతులు బల్లకింద పెట్టుకుని, ఇవాళ ప్రసాద్‌కి ఫోన్ చేసి వణుకు కాదని చెబుతానన్నాను. మేఘ నమలడం ఆపకుండా, "నేను ఆల్రెడీ చెప్పాను కదా తాతయ్యా" అంది. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. అయినా చేస్తాను అన్నాను. చేయండి అంది.

కాసేపటికి అది చెంచా తీసుకుని గ్లాసుమీద కొట్టడం మొదలుపెట్టింది. చుక్కకు చెంచా కొస, గీతకు చెంచా వీపు. డి. ఈ. ఎమ్. ఈ. ఎస్. ఎన్. అక్కడ ఆగి నావంక చూసింది. చివరి అక్షరం ఒక్క చుక్క. నా చేతులు బల్లకిందే ఉన్నాయి. తీయలేకపోయాను. మేఘ చెంచా పట్టుకుని ఎదురుచూస్తోంది, పెనంమీద అట్టు చిటపటమంటోంది.

సుజాత వెనక్కి తిరగలేదు. అట్లకాడ పక్కన పెట్టి, గ్రానైట్ గట్టుమీద గోటితో ఒక్కసారి కొట్టింది.